అక్కడ ఎవరైనా నిలబడ్డారా?

2024లో '1839 అవార్డ్స్' అనే అంతర్జాతీయ ఫొటో పోటీలో ఏఐ బొమ్మల విభాగానికి ఒక చిత్రం వచ్చింది. ఇసుక ఒడ్డున గులాబీ రంగు ఫ్లెమింగో. సన్నటి కాళ్లున్నాయి, వాటి మీద గుండ్రటి ఒళ్లు ఉంది, తల మాత్రం లేదు. యంత్రం సృష్టించిన వింత అనుకున్న జ్యూరీ మూడో బహుమతి ఇచ్చింది. ప్రేక్షకుల ఓటూ దానికే పడింది. తర్వాత దాన్ని పంపిన మైల్స్ ఆస్ట్రే అసలు సంగతి బయటపెట్టాడు. అది ఏఐ బొమ్మ కాదు, కరీబియన్ దీవి అరూబాలో తన కెమెరాతో తీసిన ఫొటో. పక్షి మెడ వంచి పొట్ట గోక్కుంటోంది, అంతే. ఏఐ విభాగానికి ఫొటో పంపడం నిబంధనలకు విరుద్ధమని నిర్వాహకులు బహుమతి వెనక్కు తీసుకున్నారు.

చలికాలంలో సూళ్లూరుపేట వైపు వెళ్లి పులికాట్ సరస్సు గట్టున ఓ గంట కూర్చున్నవాళ్లకు ఈ తలలేని పక్షి కొత్త కాదు. మేత వెతుకుతూ తల నీళ్లలో ముంచినప్పుడు, ఈకలు సవరించుకున్నప్పుడు ఫ్లెమింగో అలాగే కనిపిస్తుంది. ఆ జ్యూరీలో ఫొటోలు తెలిసినవాళ్లు ఉండి ఉంటారు. ఫ్లెమింగోలు తెలిసినవాళ్లు లేకపోయి ఉండాలి.

అంతకు ఏడాది ముందు కథ ఇటునుంచి అటు నడిచింది. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల క్రియేటివ్ విభాగంలో జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్ గెలిచాడు. ఒకరి వెనుక ఒకరుగా ఇద్దరు స్త్రీలు, పాతకాలపు నలుపు తెలుపు ఫొటోలా ఉంటుంది. అది ఏఐతో చేసిన బొమ్మ. పోటీల నిర్వాహకులు ఇలాంటివాటికి సిద్ధంగా ఉన్నారో లేదో చూద్దామనే పంపానని చెప్పి ఆయన బహుమతి వద్దన్నాడు.

ఒకసారి బొమ్మ ఫొటోగా గెలిచింది, మరోసారి ఫొటో బొమ్మగా గెలిచింది. రెండుసార్లూ తీర్పు చెప్పింది అలవాటు పడ్డ కళ్లే. కాబట్టి వేళ్లు లెక్కపెట్టి, నీడలు కొలిచి దొంగను పట్టేసే చిట్కాల జోలికి నేను పోను. ఈ నెల పనిచేసిన చిట్కా వచ్చే నెలకు పాతబడుతుంది. పైగా ప్రయాణ ఫొటోల విషయంలో చిక్కు అక్కడితో ఆగదు. పోటీలో మోసపోతే ఒక బహుమతి పోతుంది. ఊరి ఫొటో చూసి మోసపోతే మనిషి సామాను సర్దుకుని బస్సెక్కుతాడు.

పోయిన చలికాలం ఒక ట్రావెల్స్ వాళ్లు మా కాలనీ వాట్సాప్ గ్రూపులో లంబసింగి యాత్ర పోస్టరు పెట్టారు. దేవదారు కొమ్మల మీద జానెడు మంచు పేరుకుని ఉంది. కర్రలతో కట్టిన ఇల్లు, దాని పొగగొట్టంలోంచి పొగ. మా వీధిలో ఇద్దరు పిల్లలు అప్పుడే మంచు బంతులతో ఆడుకోవడానికి ఉన్ని చేతొడుగులు కొనిపించుకున్నారు. లంబసింగిలో అలా మంచు కురవదు. ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగిన రాత్రులున్నాయి, తెల్లవారేసరికి గడ్డి మీద నీటిబొట్లు గడ్డకట్టిన రోజులున్నాయి. మిగతాదంతా కాఫీ తోటలు, మిరియాల తీగలు, చెట్ల నడుమ కదిలే పొగమంచు. మన భాషలో పొద్దున గడ్డి తడిపేదీ మంచే, దారి కనపడనివ్వనిదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. పోస్టరు చేసినవాళ్లు ఆ మాటే యంత్రానికి చెప్పి ఉంటారు. అది తనకు తెలిసిన మంచు కురిపించింది.

ఆ ఊరికి కొర్రబయలు అని మరో పేరుంది. రాత్రి బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెబుతారు. ఆ ఒక్క పేరులో ఉన్న చలి ఆ పోస్టరు మొత్తంలో లేదు.

యంత్రానికి ఊరు ఎలా తెలుస్తుంది

2022లో నెలల తేడాతో డాల్-ఈ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వచ్చాయి. మాటలు టైపు చేస్తే బొమ్మ ఇచ్చే పరికరాలు సామాన్యుల చేతికి అందింది అప్పుడే. వీటి వెనుక ఉన్న పద్ధతి వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ఒక ఫొటో తీసుకుని దాని మీద కొంచెం కొంచెంగా చుక్కలు చల్లుతూ పోతారు. చివరికి, పాత టీవీకి యాంటెన్నా తిరిగిపోయినప్పుడు కనిపించే చుక్కల వాన తప్ప ఏమీ మిగలదు. ఆ చుక్కలను వెనక్కు తీసివేయడం యంత్రానికి నేర్పుతారు. కోట్ల ఫొటోల మీద ఈ సాధన అయ్యాక, ఫొటో ఏదీ లేని ఉత్త చుక్కలు దాని ముందు పెట్టి 'ఇందులో కొండ లోయ ఉంది, బయటికి తియ్యి' అంటారు. అది లేని లోయను తీసిస్తుంది.

ఆ సాధనకు ముడిసరుకు ఇంటర్నెట్టులోని బొమ్మలు, వాటి పక్కన ఉన్న మాటలు. స్టేబుల్ డిఫ్యూజన్‌కు ఆధారమైన లయాన్-5బి సేకరణలో అలాంటి జతలు సుమారు 585 కోట్లు. అందులో 230 కోట్లకు పైగా ఇంగ్లిషు మాటలతో ఉన్నవే. మిగిలినదాంట్లో ప్రపంచ భాషలన్నీ సర్దుకోవాలి. తాజ్‌మహల్, ఐఫిల్ టవర్ లాంటివాటిని యంత్రం కళ్లు మూసుకుని గీస్తుందంటే, వాటిని లక్షలమంది తీసి పెట్టారు కాబట్టి. తక్కువమంది తీసిన చోటుకు వచ్చేసరికి పక్క ఊళ్ల నుంచి అప్పు తెచ్చి అతుకుతుంది.

పరీక్షిద్దామని నేను ఒక పరికరాన్ని గండికోట అడిగాను. అద్భుతమైన బొమ్మ వచ్చింది. మండుతున్న ఎర్రరాళ్లు, నీలమణిలాంటి నది, అంచున రాజస్థాన్ పద్ధతి గుమ్మటాలతో ఒక కోట. గండికోటను 'భారతదేశపు గ్రాండ్ క్యాన్యన్' అని పర్యాటక ప్రకటనలు ఏళ్లుగా పొగిడిన ఫలితం ఇది: యంత్రం ఆ పొగడ్తను అక్షరాలా నమ్మి, అమెరికా నుంచి రాళ్లు దింపుకొచ్చింది. పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ వెళ్లిన చోట పేర్చిన పలకల్లా ఉండే బండలు లేవు. ఒకే కోటలో దగ్గర దగ్గరగా ఉన్న జామియా మసీదు, రంగనాథాలయం, ధాన్యాగారం లేవు. ఆ బొమ్మలో చూడగానే పట్టేసే పొరపాటేమీ లేదు. గండికోటకు వెళ్లనివాడు ఏ అనుమానం లేకుండా నమ్మే బొమ్మ అది.

ఆ బొమ్మ ఎంత బాగున్నా అది చాలామంది తీసిన ఫొటోల సగటు. ఫొటోలో ఆ రోజు ఉంటుంది, తీసినవాడు నిలబడ్డ చోటు ఉంటుంది, వాడు కోరనివి కూడా వచ్చి పడతాయి. ఫలానా వేళ ఫలానా చోట ఒక మనిషి ఉన్నాడు, అక్కడి వెలుగు కటకంలోంచి లోపలికి వచ్చింది అన్న సాక్ష్యమే ప్రయాణ ఫొటోకు ప్రాణం. యంత్రం ఇంతకన్నా అందంగా గీయగలదు, ఒప్పుకుంటాను. ఇంకో పది నెలలకు నా గండికోటను కూడా సరిగ్గానే గీస్తుంది, కాదనను. అప్పుడు కూడా అది అక్కడికి వెళ్లి ఉండదు.

ఫొటోలు మాత్రం సత్యహరిశ్చంద్రులా?

ఇక్కడ ఫొటోగ్రాఫర్లు గుండెల మీద చెయ్యి వేసుకుని మాట్లాడాలి. ఫొటో పుట్టిన మరుసటి ఏడాదే, 1840లో, ఫ్రాన్స్‌లో హిప్పొలిత్ బయార్ తాను నీళ్లలో పడి చనిపోయినట్టు తన ఫొటోనే తీసుకున్నాడు. 19వ శతాబ్దపు ప్లేట్లు నీలం రంగుకు అతిగా స్పందించేవి, నేల సరిగా వస్తే ఆకాశం తెల్లగా మాడిపోయేది. అందుకని గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక నెగెటివ్‌తో, ఆకాశాన్ని మరో నెగెటివ్‌తో తీసి కలిపేవాడు. 1850ల్లో బర్మాలోనూ తర్వాత మదురై, తంజావూరుల్లోనూ కట్టడాలను తీసిన ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి లినియస్ ట్రైప్ నెగెటివ్ మీద కుంచెతో మబ్బులు దిద్దాడు. మన దేశపు తొలి తరం యాత్రా ఫొటోల్లో మనం మెచ్చుకునే మబ్బుల్లో కొన్ని అలా పుట్టినవే.

1982 ఫిబ్రవరి నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం మీద నిలువు కొలతకు సరిపోవడానికి గిజా పిరమిడ్లనే కంప్యూటర్‌తో దగ్గరికి జరిపారు. నాలుగున్నర వేల ఏళ్లుగా కదలనివి పత్రిక అవసరం కొద్దీ కదిలాయి. 2016లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెకర్రీ అంతటి పేరున్నవాడి ఫొటోల్లో మనుషులు, వస్తువులు మాయమైన సంగతి బయటపడితే, తాను పాత్రికేయుణ్ని కాదు, దృశ్య కథకుణ్ని అని సమర్థించుకున్నాడు.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైనది బాలిలోని లెంపుయాంగ్ ఆలయం సంగతి. 'స్వర్గద్వారం' పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో తిరిగే ఫొటోల్లో రెండు రాతి కొమ్ముల మధ్య మనిషి, కింద అద్దంలాంటి సరస్సులో నీడ, వెనుక అగుంగ్ అగ్నిపర్వతం. అక్కడ సరస్సు లేదు. స్థానిక ఫొటోగ్రాఫర్లు ఫోను కటకం కింద చిన్న అద్దం ముక్క పట్టుకుంటారు. గంటల తరబడి వరుసలో నిలబడి, లేని నీళ్లలో తమ నీడ చూసుకుని జనం సంతోషంగా వెళ్తారు. ఇందులో ఏఐ ప్రమేయం ఏమీ లేదు. ఊరిని ఊరిలా కాక ఒక తయారీ దృశ్యంలా చూడటం మనకు ముందే అలవాటయింది. యంత్రం ఆ అలవాటుకు సరుకు అందిస్తోంది.

ఇక చేతిలోని ఫోను సంగతి. అది ఒక్క నొక్కుకు చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది, చీకటిని వెలుగు చేస్తుంది, ముఖాలు నునుపు చేస్తుంది. 2023లో ఒక వినియోగదారుడు చంద్రుడి బొమ్మను కావాలని మసకబార్చి కంప్యూటర్ తెర మీద పెట్టి శాంసంగ్ ఫోనుతో తీస్తే, మసక బొమ్మలో లేని గుంటలు కూడా ఫొటోలో వచ్చాయి. ఫోనుకు చంద్రుడు ముందే తెలుసు. కాబట్టి ఫొటోకూ ఏఐ బొమ్మకూ మధ్య గోడేమీ లేదు, జారుడు బండ ఉంది. నా మటుకు నేను ఒక గీత గీసుకున్నాను. వెలుతురు, రంగు సవరించడం తీసినవాడి అభిరుచి. ఉన్నదాన్ని తీసేయడం చెప్పి చేయాల్సిన పని. లేనిదాన్ని తెచ్చి పెడితే, ఆ క్షణం నుంచి దాన్ని ఊరి ఫొటో అనకూడదు. నాతో ఏకీభవించని మిత్రులున్నారు. వాళ్ల ఫొటోల్లో ఆకాశాలు నావాటికన్నా బాగుంటాయి.

ఎవరి పొట్ట కొడుతోంది

ఈ పోటీలో ముందు దెబ్బ తిన్నది గొప్ప ఫొటోగ్రాఫర్లు కాదు. హోటల్ కరపత్రానికి, ట్రావెల్ ఏజెంటు క్యాలెండరుకు, బ్యాంకు ప్రకటనకు ఒక సముద్రతీరం బొమ్మ కావాలి. ఏ తీరమైనా పరవాలేదు. అలాంటి అవసరాల కోసం ముందే తీసి ఉంచి అమ్మేవే స్టాక్ ఫొటోలు. తెల్లవారుజామున లేచి, బండి అద్దె కట్టి, మబ్బు తొలగేదాకా కూర్చుని తీసిన ఫొటోకు వచ్చే కొద్దిపాటి డబ్బు, మరోపక్క కొన్ని సెకన్లలో దాదాపు ఖర్చు లేకుండా వచ్చే బొమ్మ. 'ఏదో ఒక తీరం' చాలనుకునే కొనుగోలుదారు ఎటు వెళ్తాడో చెప్పనక్కర్లేదు. 2022 సెప్టెంబరులో స్టాక్ ఫొటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ ఏఐ బొమ్మలు తీసుకోబోమంది. అదే ఏడాది డిసెంబరులో అడోబీ స్టాక్ గుర్తు వేసి అమ్ముకోవచ్చని తలుపు తెరిచింది.

గెట్టీ అక్కడితో ఊరుకోలేదు. తన ఫొటోలు 1.2 కోట్లకు పైగా అనుమతి లేకుండా వాడుకున్నారంటూ 2023లో స్టేబుల్ డిఫ్యూజన్ తెచ్చిన స్టెబిలిటీ ఏఐ సంస్థ మీద అమెరికాలో దావా వేసింది, లండన్‌లోనూ కేసు నడిపింది. యంత్రం ఇచ్చిన కొన్ని బొమ్మల మీద గెట్టీ ముద్ర వంకరటింకర అక్షరాలతో తేలింది, పరీక్షలో కాపీ కొట్టినవాడు పక్కవాడి హాల్‌టికెట్ నంబరు కూడా ఎక్కించినట్టు. అయినా శిక్షణ బ్రిటన్‌లో జరిగిందని చూపలేక ఆ ఆరోపణను గెట్టీయే మధ్యలో వదులుకుంది. 2025 నవంబరులో లండన్ హైకోర్టు ఆ ముద్రల వరకు పరిమితంగా ట్రేడ్‌మార్కు ఉల్లంఘన జరిగిందని చెప్పి మిగతా వాదనను చాలామటుకు తోసిపుచ్చింది.

వెళ్లి తీసినవాళ్ల ఫొటోలే లేకపోతే వెళ్లకుండా గీసే యంత్రానికి పునాది లేదు. కొత్తగా వెళ్లేవాళ్లు తగ్గి, నెట్టు నిండా యంత్రం బొమ్మలే పేరుకుంటే? యంత్రం తన ఎంగిలే తాను తింటూ పోతే క్రమంగా దిగజారుతుందని, అరుదైన విషయాలను ముందు మరిచిపోతుందని 2024లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. తాజ్‌మహల్‌కు ఢోకా లేదు. ముందు పోయేది కొర్రబయలు లాంటివే.

అబద్ధం కన్నా అనుమానం

లేని చోటును నమ్మి వెళ్లడం నష్టమే. 2025లో మలేసియాలో ఒక వృద్ధ జంట వీడియోలో చూసిన కేబుల్ కారు కోసం కౌలాలంపూర్ నుంచి పెరాక్ రాష్ట్రం దాకా వచ్చి, అలాంటిదే లేదని హోటల్లో తెలుసుకున్నట్టు అక్కడి సిబ్బంది ఒకరు చెప్పిన ఉదంతం వార్తల్లోకెక్కింది. ఆ వీడియోలో మాట్లాడిన యాంకరు సైతం ఏఐ సృష్టే. ఇలాంటి నష్టం కంటికి కనబడుతుంది, దాని మీద నవ్వుకుంటాం, జాగ్రత్త పడతాం. నేను ఎక్కువ భయపడేది రెండో రకానికి: నిజంగా ఉన్నదాన్ని చూపితే 'ఇది ఏఐలే' అని తోసెయ్యడం.

2025 ఏప్రిల్ తొలి వారంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల విషయంలో ఇది మన కళ్ల ముందే జరిగింది. చెట్లు కూల్చే యంత్రాలకు బెదిరి పరిగెత్తే జింకలు, నెమళ్లతో ఏఐ బొమ్మలు విపరీతంగా తిరిగాయి. ప్రచారం ఏఐతో చేశారని ప్రభుత్వం తప్పుపట్టింది. ఏఐ బొమ్మలు ఉన్నమాట నిజం. అక్కడ భారీ యంత్రాలు దిగిన మాట, చెట్లు కూలిన మాట కూడా అంతే నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది వాటిని చూసే. బాధతోనే అయినా, కదిలించాలనే అయినా, ఆ జింకలను గీయించినవాళ్లు అక్కడే నిలబడి ఫోనుతో తీసిన విద్యార్థుల వీడియోల విలువను తగ్గించారు. ఒక్క దొంగనోటు దొరికితే దుకాణదారు మన జేబులోని నోట్లన్నీ దీపానికి ఎత్తి చూస్తాడు.

లక్క ముద్ర

దీనికి విరుగుడుగా సాంకేతిక ప్రపంచం చెబుతున్నది పుట్టుక పత్రం. 2021లో అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ తదితరులు కలిసి సీ2పీఏ అనే ప్రమాణానికి పూనుకున్నారు. పూర్వం జాబు మీద లక్క కరిగించి ముద్ర వేసినట్టు, ఫొటో తీసిన క్షణానే కెమెరా దానికి ఒక గుప్త సంతకం జత చేస్తుంది. తర్వాత ఎవరైనా మార్పు చేస్తే అదీ నమోదవుతుంది, దొంగచాటుగా చేస్తే ముద్ర పగులుతుంది. 2023లో వచ్చిన లైకా ఎం11-పీ ఈ ఏర్పాటుతో వచ్చిన తొలి కెమెరా.

లోపాలు లేకపోలేదు. ముద్ర ఉన్న ఫొటోను స్క్రీన్‌షాట్ తీస్తే ముద్ర పోతుంది. చాలా చోట్ల ఫొటో ఎక్కించగానే ఆ వివరాలు రాలిపోతాయి. తెర మీది ఏఐ బొమ్మను ముద్ర వేసే కెమెరాతోనే ఫొటో తీస్తే దానికీ ముద్ర పడుతుంది. 2025లో ఒక నికాన్ కెమెరాలో లోపం వాడుకుని అసలు కాని బొమ్మకు సంతకం పెట్టించవచ్చని తేలి, ఆ సంస్థ ఇచ్చిన ధ్రువీకరణలను రద్దు చేయాల్సి వచ్చింది. చట్టాలు మరో చివర నుంచి వస్తున్నాయి: కృత్రిమంగా చేసినవాటికి గుర్తు తప్పనిసరి చేసే నిబంధన చైనాలో 2025 సెప్టెంబరు 1 నుంచి ఉంది, మన దేశంలో 2026 ఫిబ్రవరిలో ఐటీ నిబంధనల సవరణతో వచ్చింది. కాలనీ వాట్సాప్ పోస్టరు దాకా అది ఎలా చేరుతుందో చూడాలి.

ప్రయాణం పెట్టుకునేవాళ్లకు నేను చెప్పేది చాలా చిన్నది. అందమైన ఫొటో పక్కన పెట్టి, అదే చోటుకు మ్యాపుల్లో మామూలు జనం పెట్టిన వంకర ఫొటోలు నలభై చూడండి. వేర్వేరు నెలలవి చూడండి. జలపాతమైతే ఏప్రిల్‌లో తీసినది వెతకండి. నలభైమంది నలభై కోణాల్లో తీసిన చోటు ఉండే ఉంటుంది. ఒకే కోణం, ఒకే వెలుగు, మనుషులే లేని బొమ్మలు మాత్రమే దొరికితే డబ్బు కట్టే ముందు అక్కడి లాడ్జికి ఒక ఫోను కొట్టండి.

ఆ గండికోట పరీక్ష మొన్న మళ్లీ చేశాను. ఈసారి 'కరెంటు తీగలు, మేకలు, ప్లాస్టిక్ సంచి, వంగిన క్షితిజరేఖ' అని కోరాను. అన్నీ ఇచ్చింది. మేకలు కూడా చక్కగా నాలుగేసి కాళ్లతోనే ఉన్నాయి. అంటే లోపాలు కూడా సాక్ష్యం కావు. ఆ రోజు నుంచి పాత ఆల్బముల్లో ఫొటో వెనుక పెన్నుతో రాసినట్టు, నా ప్రతి ఫొటో కింద నాలుగు ముక్కలు రాస్తున్నాను, ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవడానికి. మొదట రాసింది ఇది:

గండికోట, 2023 డిసెంబరు, సాయంత్రం 5.20. కోట వైపు అంచు మీద, గాలి విపరీతం. అడుగున నీళ్లు పాచిరంగులో ఉన్నాయి. కుడి మూల కనిపించే వేలు మా ఆవిడది. మేకలు ఎవరివో అడగలేదు.